ఖరీదైన కార్ల తలుపుల దగ్గర ముప్పై నాలుగేళ్లు

రిటైరై, పావగడ దగ్గరి మా ఊరు వల్లూరుకు వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే పోరు. బెంగళూరులో పెద్ద కార్ల పని చేసి వచ్చానని ఊరందరికీ తెలుసు. టీ అంగడి దగ్గర కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు మొదలుపెడతారు. కొందరు ఏ పాత కారు కనబడినా దాని బానెట్ మీద అరచేత్తో చరిచి, "అప్పటి రేకు రేకప్పా! ఇప్పుడొచ్చేవన్నీ అగ్గిపెట్టెలు" అంటారు. మరికొందరు మా ఊరి పక్కన వచ్చిన సోలార్ పార్కు ఇంజనీర్ల కార్లలోకి తొంగిచూసి, టీవీ అంత తెర కనబడగానే, "దీంట్లో లేని వసతి ల్యా" అని తీర్పు చెబుతారు. ఇద్దరికీ జవాబు చెప్పి చెప్పి నాకు నోరు నొప్పి పుట్టింది. వాళ్లు తలుపు తెరిచి చూసినవాళ్లు. నేను తలుపు విప్పి చూసినవాణ్ణి.

నా పేరు అంజినప్ప. ఒక పెద్ద వర్క్‌షాపులో బాడీ సెక్షన్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. వచ్చేవన్నీ ఖరీదైన సెడాన్లు. అందులోనూ నా పని ఎక్కువగా తలుపులతో. గుద్దుకుని వచ్చిన బండికి తలుపు మార్చడం, సందు సరిచేయడం, నీళ్లు కారితే ఎక్కడి నుంచో కనిపెట్టడం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఎప్పుడు చార్జ్‌హ్యాండ్‌నై పనివాళ్లకు పెద్దనయ్యాను వంటివి మీకు ఉపయోగపడవు. నా తప్పులు ఉపయోగపడతాయి.

మణి మేస్త్రి కాగితం

నాకు పని నేర్పినవాడు మణి మేస్త్రి. కోలారు వైపు మనిషి, తెలుగు బాగా మాట్లాడేవాడు. చేరిన కొత్తలో ఒక తలుపు బిగించమని నాకిచ్చాడు. బిగించి, గట్టిగా లాగి మూసి, అయిందన్నాను. ఆయన న్యూస్ పేపరులోంచి వేలెడు వెడల్పు ముక్క చించి, తలుపుకూ రబ్బరుకూ మధ్య పెట్టి మూసి, ఆ ముక్కను లాగాడు. అది వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది.

"కాగితమే నిలబడల్యా. వాన నిలబడతాదా?" అన్నాడు.

తలుపు చుట్టూ ప్రతి జానెడుకూ కాగితం పెట్టి చూడాలి. అన్నిచోట్లా ఒకే బిగువు ఉండాలి. ఒకచోట బిగువై, మరోచోట వదులైతే మళ్లీ కీలు సడలించి మొదటి నుంచి. ఆ ఒక్క తలుపుకు నాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు పొద్దున ఆయన ఒక వేలితో నెట్టాడు. మూసుకుంది. "మూసేదానికి చేయి బలం కావాల్నంటే పని బాగాలేదని లెక్క. పో, టీ తాగు" అన్నాడు. ఆయన పొగడ్త అంతకు మించి ఎప్పుడూ లేదు.

ఆ కాలపు కార్ల గురించి నిజం చెప్పాలంటే, వాటిని చేసినవాళ్లు వాటిని మళ్లీ ఎవరో విప్పుతారని అనుకుని చేశారు. కీలుకు పిన్ను ఉండేది, అరిగితే పిన్ను ఒక్కటే మార్చేవాళ్లం. లోపలి చెక్కలు మరలతో ఉండేవి, ఎన్నిసార్లు విప్పినా మళ్లీ కూర్చునేవి. అయితే అదే తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోయి, రేకు లోపలి నుంచి పుచ్చిపోయేది. పైన అద్దంలా మెరిసే తలుపు అడుగున వేలు పెడితే వేలు దూరేది. పాత రేకును పొగిడేవాళ్లెవరూ దాని అడుగున వేలు పెట్టి చూడలేదు.

బండి బాగానే ఉంది

నా పెద్ద తప్పు ఇది.

రామనాథ్ గారని హిందూపురం వైపు లాయరు, బెంగళూరులో ప్రాక్టీసు. ఆయనకొక పాత విదేశీ సెడాన్ ఉండేది. ఏనుగంత బరువు. ఒకరోజు ఆయన, "ఇంట్లో కొత్తది తీసుకోమని గొడవ చేస్తా ఉండారు. నువ్వేమంటావు అంజినప్పా?" అని అడిగారు.

నేను ఆ బానెట్ మీద చరిచాను. అవును, టీ అంగడి దగ్గర ఇప్పుడు వీళ్లు చేసే పనే. "అమ్మొద్దు సార్. కొత్తవి గుద్దుకుంటే అప్పడం మాదిరి నలిగిపోతాయి. ఇది గుద్దితే గోడే పడాల" అన్నాను. ఆయన నా మాట విని దాన్నే ఉంచుకున్నారు.

కొన్ని నెలలకు తుమకూరు రోడ్డులో ఆగి ఉన్న లారీని ఆయన కారు వెనక నుంచి గుద్దింది. కారును మా దగ్గరికే తెచ్చారు. ముందు బంపరు వంగింది, బానెట్ కొంచెం లేచింది, అంతే. నాలుగు తలుపులూ ఒక వేలితో తెరుచుకుంటున్నాయి. నేను పక్క సెక్షన్ వాళ్లను కూడా పిలిచి, తెరిచి మూసి చూపించాను. మణి మేస్త్రి వచ్చి లోపలికి వంగి చూశాడు. స్టీరింగ్ చక్రం వంకర తిరిగి ఉంది. ఆయన నడుం ఎత్తి, "బండి బాగానే ఉండాది. మనిషి యాడ?" అన్నాడు.

మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు. పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తిలోకి దిగాయి. రేకు తినాల్సిన దెబ్బ ఆయన ఛాతీ తినింది.

ఏడాది తర్వాత ఆయన వర్క్‌షాపుకు వచ్చారు. నాలుగు మాటలు మాట్లాడి, ఊపిరి తీసుకోవడానికి ఆగాలి. కోర్టుకు పోవడం మానేశారట. నన్ను తిట్టడానికి వచ్చారనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. "నువ్వు చెప్పింది నిజమే అంజినప్పా," ఆగారు, "బండికి ఏమీ కాల్యా." అంతే అన్నారు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఒక కొత్త సెడాన్ వచ్చింది. ముందు భాగమంతా నలిగి అద్దం దాకా వచ్చేసింది. దాని యజమాని చేతికి కట్టుతో తానే నడిచి వచ్చి, లోపల మరిచిపోయిన కళ్లజోడు వెతుక్కున్నాడు. అప్పుడు ఆ బండిని ముక్క ముక్కగా విప్పి చూశాను. ముక్కు నలగడానికే చేశారు. మనిషి కూర్చునే గది మాత్రం నలగకుండా చేశారు. తలుపు పక్క స్తంభానికి రంధ్రం వేయబోతే మా డ్రిల్లు బిట్లు ఒకదాని తర్వాత ఒకటి విరిగాయి. పై రేకు పలచనైతే ఏమైంది, లోపల ఉన్నది చూడండి. ఈ మాట నేను ఊళ్లో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పి ముగించగానే ఎవరో ఒకరు మళ్లీ, "ఏమన్నా అను, అప్పటి రేకు రేకే" అంటారు.

కనబడని చోట

అలాగని కొత్తవాటిని నెత్తిన పెట్టుకోలేను. ప్రాణం కాపాడే చోట బుర్ర పెట్టినవాళ్లే, కస్టమరుకు కనబడని ప్రతిచోటా చేయి బిగబట్టారు. మరలు పోయి ప్లాస్టిక్ క్లిప్పులు వచ్చాయి. ఒకసారి విప్పితే మూడు విరుగుతాయి. పట్టుకుంటే మెత్తగా ఉండాలని స్విచ్చులకు రబ్బరు పూత పూస్తారు. మన ఎండకు నాలుగేళ్లలో అది కరిగి, పనసపండు కోసిన చేతిలా జిగురుగా అవుతుంది. ఇక తలుపు మూసినప్పుడు వచ్చే ఆ గంభీరమైన చప్పుడు, అందరూ మురిసిపోయే చప్పుడు, దానికోసం లోపల బరువైన అట్టలు అతికిస్తారు. అట్ట పీకి మూసి చూడండి, రేకు డబ్బా చప్పుడే.

ఒక డాక్టరమ్మ కొత్త కారు తలుపులో టకటక చప్పుడొస్తోందని వచ్చింది. విప్పితే ఫ్యాక్టరీలోనే ఒక క్లిప్పు విరిగి, వైర్ల కట్ట వేలాడుతోంది. మేనేజరుకు చూపించాను. ఆయన తల ఎత్తకుండా, "ఈ మోడల్ స్వభావమే అంత అని రాసెయ్" అన్నాడు. విరిగినదని రాస్తే కంపెనీకి జవాబు చెప్పుకోవాలి, స్వభావమంటే ఎవరికీ చెప్పుకోనక్కరలేదు. నేను రాశాను. సంతకం నాదే. ఆమె నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ అదే రాశాను. ఐదోసారి ఆ వైర్లు ఒరుసుకుని తెగి, నడివానలో అద్దం పైకి రాక, తడిసి ముద్దై వచ్చింది. ఆ రోజు నేను క్యాంటీన్‌లో దాక్కున్నాను.

లక్ష్మీదేవమ్మ ఎక్కిన కారు

ఇది రిటైరయ్యాక జరిగింది. అయినా నా ఉద్యోగంలో నేర్చుకోనిది ఇక్కడే నేర్చుకున్నాను.

మా వేరుశనగ చేను ఉన్నచోట ఇప్పుడు సోలార్ పలకలున్నాయి. మా ఊరి ఆడవాళ్లు చాలామంది వాటిని తుడిచే పనికి, వరసల మధ్య గడ్డి పీకే పనికి పోతారు. లక్ష్మీదేవమ్మ వాళ్లలో ఒకతె, నాకు చెల్లెలి వరస. వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం ఆమె ఎండదెబ్బకు కళ్లు తిరిగి కూలబడింది. అక్కడి ఇంజనీరు ప్రవీణ్, అనంతపురం అబ్బాయి, మంచివాడు. ఆమెను తన కారు వెనక సీట్లో పడుకోబెట్టి, ఏసీ పెట్టి, ఉప్పు చక్కెర నీళ్లు తేవడానికి ఆఫీసుకు పోయాడు. అది కరెంటుతో నడిచే కొత్త సెడాన్. ఖరీదు వింటే మా ఊళ్లో నమ్మరు.

అతడు నాలుగడుగులు వేయగానే బండి దానంతటదే తాళం వేసుకుంది. అలా చేయడం అందులో ఒక వసతి. ఆ తర్వాత, తలుపులకూ స్విచ్చులకూ కరెంటిచ్చే లోపలి చిన్న బ్యాటరీ చచ్చిపోయింది. ఏసీ ఆగింది, స్విచ్చులు ఆగాయి. తలుపు పిడులు రేకులోకి ముడుచుకుని ఉండిపోయాయి.

గేటు దగ్గర కాపలా ఉండే ఓబులేశు నా ఇంటిముందు మోటారుసైకిలు ఆపి అరిచాడు. "అంజినన్నా, బిర్నా రా! లక్ష్మీదేవమ్మ కార్లో ఇరుక్కున్యాది. తలుపు తీస్తామంటే పట్టుకునేకి పిడే ల్యా!"

నేను పోయేసరికి ప్రవీణ్ రిమోట్ నొక్కి నొక్కి ఏడుపు మొహంతో ఉన్నాడు. బయట తాళంచెవి పెట్టే రంధ్రం కూడా లేదు. ముందు బంపరు మూత తీసి వేరే బ్యాటరీ కలిపితే లేస్తుందని నాకు తెలుసు. జీపు బ్యాటరీ విప్పుకు రమ్మని అతణ్ణి పరుగెత్తించాను. లోపల లక్ష్మీదేవమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అరచేత్తో అద్దం కొడుతోంది. నోరు కదులుతోంది, మాట వినబడదు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని రెండు పొరల అద్దం వేశారు. లోపలి కేక కూడా బయటికి రాదు.

ఓబులేశు ఇనుప కడ్డీతో పక్క అద్దం మీద ఒక్కటి వేశాడు. సాలెగూడులా పగుళ్లొచ్చాయి, ఊడలేదు.

"ఆగప్పా, అది పగలదు, రెండు పొరలది" అన్నాను.

"మరి ఎనకదో?"

వెనక అద్దం మామూలుదే. ఒక్క దెబ్బకు పొడిపొడి అవుతుంది. నాకు తెలుసు. అయినా కొట్టమని అనలేదు. ఆమె తల సరిగ్గా దాని కిందే ఉందని ఆ క్షణంలో నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. ముప్పై నాలుగేళ్లు ఖరీదైన బండి మీద గీత పడకుండా చూసుకున్న చేయి నాది. దానికి కొట్టడం రాలేదు. వెనక తలుపు జేబు అడుగున చిన్న మూత, దాని కింద, కరెంటు లేకున్నా లాగితే తలుపు తెరుచుకునే తీగ ఉంటాయని గుర్తొచ్చింది. ఆమెకు అది చూపిస్తే చాలు, పనివాడిలా పని చేసినట్టుంటుంది అనుకున్నాను.

నేల మీద మోకాళ్లూని కూర్చుని, వేలితో తలుపు అడుగు చూపించాను. ఆమె జేబులో చేయి పెట్టి నీళ్ల సీసా తీసి చూపించింది. కాదని తల ఊపాను. టిష్యూ కాగితాల పొట్లం చూపించింది. కాదన్నాను. మూడోసారి లావాటి పుస్తకం ఎత్తి చూపించింది. అది ఆ బండి వివరాల పుస్తకం. ఆ మూత సంగతి అందులో ఏదో ఒక పేజీలో ఇంగ్లీషులో ఉండే ఉంటుంది. ఆమె దాన్ని సీటు మీద పడేసి కళ్లు మూసుకుంది.

అప్పుడు నాకు భయం పుట్టింది. "ఓబులేశూ, ఎనకపక్క నిలబడు. నేను చెయ్యెత్తితే కొట్టు" అన్నాను. అద్దానికి మొహం ఆనించి గట్టిగా బాదాను. ఆమె కళ్లు తెరిచింది. గోటితో అరచేతిని గీరి, తాడు లాగినట్టు పైకి లాగి చూపించాను. రెండుసార్లు. ఆమె మళ్లీ జేబులోకి చేయి దించింది. భుజం కదిలింది. ఏదో లేచివచ్చింది. తలుపు టక్కుమంది.

ఆమెను బయటికి లాగి పలకల నీడలో పడుకోబెట్టాం. ఒళ్లు నిప్పులా కాలుతోంది. అప్పుడే జీపు బ్యాటరీతో వచ్చిన ప్రవీణ్ ఇచ్చిన ఉప్పు చక్కెర నీళ్లు రెండు గుక్కలు తాగి, కళ్లు తెరవగానే ఆమె నన్నే చూసింది.

"అద్దం పగలగొట్టేకి ఏమొచ్చిందన్నా నీకి? ఆడ నా పానం పోతా ఉంటే, చేతులు తిప్పతా కూర్చున్యావు!"

పావగడ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, మర్నాడు ఇంటికి పంపారు. ఆమె బతికింది కాబట్టి ఇది అనుభవం అని రాస్తున్నాను. లేకపోతే ఏమని రాసేవాణ్ణో తెలియదు. పిల్లలూ, లోపల మనిషి ఉంటే అది కారు కాదు. పగలగొట్టండి. తర్వాత తీరిగ్గా బాధపడొచ్చు.

సుష్మ రాసినది

రెండు రోజులకు కారు కంపెనీ నుంచి టెక్నీషియన్ వచ్చింది. సుష్మ, మడకశిర అమ్మాయి, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. కంప్యూటరు తగిలించి చూసి, చిన్న బ్యాటరీ పోయింది, మార్చానంది. తలుపు సంగతేమిటని అడిగాను.

"తలుపులో తప్పేమీ ల్యా సార్. లాగేది పనిచేస్తా ఉండాది కదా. కస్టమరుకు వసతి గురించి తెలియదు అని రాయమన్నారు మా మేనేజరు."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపు, అక్కడే గట్టు మీద కూర్చున్న లక్ష్మీదేవమ్మ లేచింది. "యామ్మా, నువ్వు చదువుకున్నదానివి. లోపల కూకో. నేను మూస్తా. నువ్వే తీసుకోని రా" అంది.

సుష్మ నవ్వుతూ ఎక్కింది. ఆ రోజు మాదిరే కరెంటు లేకుండా కొత్త బ్యాటరీ తీగ తాను విప్పుకునే ఎక్కింది, అది మెచ్చుకోవాలి. తలుపు మూశాం. మూత ఎక్కడుందో తెలిసిన పిల్ల. ఎండ నడినెత్తిన ఉంది. లోపల వంగి తడుముతోంది, కనబడుతూనే ఉంది. ఓబులేశు అప్పటికే కడ్డీ పట్టుకుని వెనక నిలబడ్డాడు, నేను చెప్పకముందే. ఆఖరుకు తలుపు తెరుచుకుంది. బయటికి వచ్చేసరికి ఆమె జుట్టు నుదుటికి అంటుకుంది. బొటనవేలి గోరు చీలి రక్తం వస్తోంది. నవ్వు లేదు.

"జేబు అడుగు చీకట్లో మూత అంచు గోటికి దొరకల్యా" అంది.

గోధుమరంగు జేబులో అదే రంగు మూత. అందంగా కలిసిపోవాలని అలా చేశారు.

ఆమె బానెట్ మీద కాగితం పెట్టి, అప్పటికే రాసినది కొట్టేసి, కొత్తగా రాసింది. శిక్షణ పొందిన మనిషికే తలుపు వెంటనే తీయడం రాలేదని, బయటి మాట లోపలికి వినబడదని, ఇది లోపమని. కింద తన పేరు. రాశాక నన్ను అడిగింది. "నా మీద కోపం చేస్తారు కదా సార్?"

"చేస్తారు" అన్నాను. అబద్ధం చెప్పలేకపోయాను. నేను నాలుగుసార్లు ఏమి రాశానో, ఐదోసారి ఎక్కడ దాక్కున్నానో ఆ పిల్లకు చెప్పాను. ఆమె కాగితం ఫోటో తీసుకుంది.

కంపెనీ జవాబు వచ్చింది. సూచనకు ధన్యవాదాలు, పుస్తకంలో ఆ పేజీ చదువుకోగలరు అని. ప్రవీణ్ నాకు ఫోన్‌లో చదివి వినిపించాడు. నేను మధ్యలోనే ఆపమన్నాను.

ఆ సాయంత్రం లక్ష్మీదేవమ్మ పాత చీర అంచు చించి, ఎర్రటి గుడ్డపీలిక ఒకటి ఆ మూత కింది తీగకు కట్టి, జేబులోంచి బయటికి వేలాడేటట్టు వదిలింది. మర్నాడు పార్కులో అటువంటి తలుపులున్న కార్లన్నిటికీ ఆమె, మిగతా ఆడవాళ్లు కలిసి కట్టారు. ఎవరూ కాదనలేదు. కోటి మెరుగుల బండి తలుపుకు చీర పీలిక. చూసినప్పుడల్లా నాకు నవ్వు రాదు, చిరాకే వస్తుంది.

నిన్న సుష్మ ఫోన్ చేసింది. ప్రవీణ్ కారు సర్వీసుకు బెంగళూరు పోయింది. "సార్, బండి కడిగేటప్పుడు మావాళ్లు ఆ పీలిక చెత్త అనుకోని పీకేసినారు. బకెట్‌లో యెతికి తీసి మళ్లీ కట్టినా. ఈసారి రెండు ముళ్లు ఏసినా" అంది.